కౌలు లేని సముద్రం, కౌలు లేని పాతాళగంగ

(జిల్లా కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతుల్లో నాకు అప్పగించిన అంశం భూగర్భ జలాలు. అయితే ముందుగా సముద్రం గురించి, అక్కడ చేపలు పట్టేవాళ్ల గురించి, వాళ్ల బతుకు మీద లెక్క వేసిన ఒక యువ ఆర్థికవేత్త గురించి చెబుతాను. దీనికి కారణం ఉంది. మన బోర్లు ఒకదాని వెనక ఒకటి ఎందుకు ఎండిపోతున్నాయి, ఇంత నీరు తోడినా మన చేతిలో ఏమీ ఎందుకు మిగలడం లేదు అనే ప్రశ్నకు సరిపోయే లెక్క మొదట సముద్రం మీదే వేశారు. అది 70 ఏళ్ల కిందటి మాట. ఆ లెక్క అర్థమైతే బోరు లెక్క దానంతటదే అర్థమవుతుంది. ఆయన చెప్పినదాంట్లో మనం ఒప్పుకోవలసింది ఉంది. ఒప్పుకోకూడనిది కూడా ఉంది. రెండూ మీ ముందు పెడతాను.

ఒక కుర్ర పంతులు వేసిన ప్రశ్న

ఆయన పేరు హెచ్. స్కాట్ గార్డన్. కెనడా దేశస్తుడు. ఆ దేశపు తూర్పు తీరంలో హాలిఫాక్స్ అనే రేవు పట్నంలో 1924లో పుట్టాడు. ఒట్టావా నగరంలో కార్ల్‌టన్ కాలేజీలో ఆర్థికశాస్త్రం చెప్పేవాడు. ఉద్యోగంలో చేరి అయిదారేళ్లే అయింది. అప్పటికి పెద్ద పేరు లేదు. చేపల వేట మీద 1953లో ఒక వ్యాసం, 1954లో ఇంకో వ్యాసం రాశాడు. ఆ రెండోది పంతొమ్మిది పేజీల వ్యాసం. అప్పటికి ఆయన వయసు ముప్పై ఏళ్లు. సముద్ర సంపద మీద ఆర్థికశాస్త్రం ఈనాడు ఏం మాట్లాడినా మొదలుపెట్టేది ఆ పంతొమ్మిది పేజీలతోనే.

ఆయన అడిగిన ప్రశ్న చిన్నది. సముద్రంలో అంత సంపద ఉందే, దాన్ని పట్టి తెచ్చేవాడు ఎందుకు పేదవాడుగా ఉన్నాడు?

ఆ రోజుల్లో ఈ ప్రశ్న ఇలా అడిగినవాళ్లు అరుదు. చేపల మీద పరిశోధన అంతా జీవశాస్త్రవేత్తల చేతుల్లో ఉండేది. ఏటా ఎన్ని టన్నులు పడితే చేప తరగకుండా ఉంటుంది, ఎక్కువలో ఎక్కువ ఎంత పట్టవచ్చు అన్నదే వాళ్ల లెక్క. గార్డన్ దాన్ని తప్పుపట్టాడు. మీ లెక్కలో చేప ఉంది, చేపలు పట్టే మనిషి లేడు అన్నాడు. పట్టిన చేప ఎంత అని చూస్తున్నారే గాని, దాన్ని పట్టడానికి ఎంత ఖర్చయింది, ఎన్ని పడవలు వెళ్లాయి, చివరికి మనిషికి ఏం మిగిలింది అని చూడడం లేదు అన్నాడు. ఎకరాకు ఎన్ని బస్తాలు పండాయని రాసుకొని, పెట్టుబడి ఎంతయిందో రాసుకోని వ్యవసాయాధికారిని మనం ఏమంటామో, ఆయన వాళ్లను అదే అన్నాడు.

పడవల లెక్క

నేను పదో తరగతి చదివినవాణ్ణి. గార్డన్ గీసిన గీతలను మీ ముందు గీయలేను. ఆ లెక్కను మన గంపల్లో చెబుతాను. ఈ అంకెలు అర్థం కావడం కోసం నేను వేసుకున్నవి.

ఒక ఊరి రేవు ఉంది. ఒక పడవ రోజు వేటకు వెళ్లి రావడానికి అయ్యే ఖర్చు, మనుషుల కూలితో కలిపి, పది గంపల చేపల విలువ అనుకోండి. పది పడవలు వెళితే ఒక్కొక్కదానికి 20 గంపలు పడుతున్నాయి. మొత్తం 200 గంపలు. ఖర్చు పోను పడవకు పది గంపలు మిగులుతున్నాయి. బాగుంది కదా అని ఇంకో పదిమంది పడవలు కొన్నారు. ఇప్పుడు 20 పడవలు. చేప అంతే ఉంది కాబట్టి ఒక్కొక్కదానికి 15 గంపలే పడ్డాయి. మొత్తం 300. ఖర్చు పోను అయిదు గంపలు మిగులుతున్నాయి. ఇంకా లాభమే కాబట్టి మరో పదిమంది దిగారు. 30 పడవలు, పడవకు పది గంపలు, మొత్తం 300. ఖర్చూ పది గంపలే. మిగులు సున్నా.

ఇక్కడ రెండు సంగతులు చూడండి. 20 పడవలు పట్టింది 300 గంపలే, 30 పడవలు పట్టిందీ 300 గంపలే. చివరి పది పడవల కర్ర, ఇనుము, నూనె, మనుషుల చెమట అంతా వృథా. ఒక్క చేప కూడా అదనంగా ఒడ్డుకు రాలేదు. రెండో సంగతి, ఇందులో దురాశపరుడు ఎవడూ లేడు. 21వ పడవవాడి సంగతి తీసుకోండి. అతనికి పద్నాలుగున్నర గంపలు వస్తాయి, ఖర్చు పది. వెళ్లడం అతనికి న్యాయంగానే కనిపిస్తుంది. కాని అతను వచ్చినందువల్ల ముందున్న ఇరవై పడవలకు తలా అర గంప తగ్గింది. అంటే పది గంపలు తగ్గాయి. ఊరు మొత్తానికి కొత్తగా చేరింది నాలుగున్నర గంపలు, ఖర్చయింది పది గంపలు. ఆ పక్కవాడి అర గంప ఇతని లెక్క పుస్తకంలోకి రాదు. ఎవరి పుస్తకంలోకీ రాదు.

ఇక అసలు మాట. భూమి మీద ఇలా జరగదు. ఒక మాగాణి ఉంటే దానికి యజమాని ఉంటాడు. ఎకరాకు ఇన్ని బస్తాలు కౌలు కడితేనే దిగు అంటాడు. కాబట్టి పదిమంది పని చేసే పొలంలో ముప్పైమంది దిగరు. ఆ కౌలు భూస్వామి తింటాడు. అందులో న్యాయం లేదని మనం ఇన్నేళ్లుగా పోరాడుతున్నాం. గార్డన్ చెప్పింది ఏమిటంటే, సముద్రానికీ కౌలంత మిగులు ఉంది, అడిగేవాడు లేడు. అడిగేవాడు లేకపోతే ఆ మిగులు చేపలు పట్టేవాడికి దక్కాలి కదా? దక్కదు. భూమి మీద కౌలు ఒకడు తింటాడు. సముద్రం మీద కౌలు ఎవరూ తినకుండానే కరిగిపోతుంది. అదనపు పడవల ఖర్చులో, దూరం పోయిన నూనెలో, పెద్ద వలల అప్పులో కరిగిపోతుంది. మత్స్యకారుడి పేదరికానికి కారణం ఇదే అన్నాడు.

గడువు పెడితే పరుగు పెరిగింది

అలాగైతే ప్రభుత్వం ఒక హద్దు పెడితే సరిపోతుంది కదా అంటారు. గార్డన్ దీనికి ఒక నిజమైన ఉదాహరణ చూపించాడు. పసిఫిక్ సముద్రంలో హాలిబట్ అనే చేప ఉంది. అమెరికా, కెనడా కలిసి దానికి ఒక కమిషన్ పెట్టి, ఏడాదికి ఇన్ని పౌన్లు పట్టగానే వేట ఆపాలి అని నియమం పెట్టాయి. చేప పెరిగింది. మంచిదే. కాని ఎవరి వాటా ఎంతో చెప్పలేదు. ఆపేలోగా ఎవడు ఎంత పడితే అంత. దాంతో పడవలు పెరిగాయి, పరుగు పెరిగింది. 1933లో ఆరు నెలలు సాగిన వేట 1952 నాటికి రెండు నెలల లోపే ముగిసిపోయింది. మిగతా కాలమంతా పడవలు రేవులో ఖాళీ. చేపలు కోల్డ్ స్టోరేజీలో. చేప బతికింది గాని మనిషికి మిగులు మాత్రం రాలేదు.

మీలో చాలామందికి ఈపాటికి మన కరెంటు గుర్తొచ్చి ఉంటుంది. రోజుకు ఇన్ని గంటలు అని ఇచ్చారు. దాంతో ఏం చేశాం? కరెంటు రాగానే ఆడేటట్టు ప్రతి మోటారుకూ ఆటోమేటిక్ స్టార్టరు బిగించాం. అయిదు హార్స్‌పవర్ తీసి ఏడున్నర పెట్టాం. గంటలు తగ్గాయి, తోడే నీళ్లు తగ్గలేదు. వాటా తేల్చకుండా గడువు మాత్రమే పెడితే ఎక్కడైనా జరిగేది అదే.

ఇంకో మాట కూడా రాశాడు గార్డన్. మామూలు కూలి కంటే తక్కువ గిట్టినా చేపలు పట్టేవాళ్లు ఆ పని వదలరు, ఎందుకంటే ఒక్కరోజు అదృష్టం పండుతుందనే జూదగాడి ఆశ వాళ్లలో ఉంటుంది అన్నాడు. ఈ ముక్క దగ్గర నేను ఆయనతో ఏకీభవించను. నాలుగు బోర్లు ఎండి అయిదోది వేసే రైతును కూడా ఇలాగే జూదగాడు అంటారు. చీనీ తోట మూడేళ్లు పెంచి, నాలుగో ఏట ఎండుతుంటే చూస్తూ కూర్చోగలడా? చెట్టు మీద పెట్టిన అప్పు అతన్ని రిగ్గు బండి దగ్గరికి తోస్తుంది. తీరంలో మరబోటు మీద అప్పు కూడా అంతే. దాన్ని జూదం అనడం న్యాయం కాదు. వెనక్కి రావడానికి దారి లేకపోవడం అది.

కాడ్ చేప కథ

గార్డన్ ఆ వ్యాసం రాసిన 1954లోనే ఉత్తర అట్లాంటిక్‌లోకి ఫెయిర్‌ట్రై అనే ఓడ వచ్చింది. బ్రిటిష్ ఓడ. 280 అడుగుల పొడవు. పట్టిన చేపను పట్టినచోటే కోసి, గడ్డకట్టించి, నెలల తరబడి సముద్రంలోనే ఉండగలిగే ఫ్యాక్టరీ ఓడల్లో అది మొదటిది. దాని వెనక సోవియట్, జర్మన్, స్పెయిన్ ఓడలు వచ్చాయి. అవి చేరింది కెనడా తూర్పున న్యూఫౌండ్‌ల్యాండ్ తీరానికి. కాడ్ అనే చేపకు అది పుట్టిల్లు. అయిదువందల ఏళ్లుగా యూరప్ అంతా అక్కడి కాడ్ తిన్నది. సముద్రంలో చేప ఎప్పటికీ తరగదని అప్పుడు పెద్ద చదువులవాళ్లు కూడా అనుకునేవారు. గార్డన్ కూడా మనిషికి నష్టం జరుగుతుందన్నాడే గాని, చేపే లేకుండా పోతుందని అనుకోలేదు.

1968లో అక్కడ పట్టిన కాడ్ 8 లక్షల టన్నులు దాటింది. పదేళ్లు తిరిగేసరికి లక్షన్నర టన్నుల లోపుకు పడిపోయింది. 1977లో కెనడా ప్రభుత్వం 200 మైళ్ల దాకా సముద్రం నాది అని ప్రకటించి విదేశీ ఓడలను బయటికి పంపింది. అంటే సముద్రానికి యజమాని దొరికాడు. ప్రభుత్వమే యజమాని. ఏటా ఎన్ని టన్నులు పట్టాలో ప్రభుత్వమే నిర్ణయించేది. ఇక కుదుటపడుతుందని అందరూ అనుకున్నారు.

కుదుటపడలేదు. విదేశీ ఓడలు పోయిన చోటికి సొంత కంపెనీల పెద్ద ట్రాలర్లు వచ్చాయి. చేప ఎంత ఉందన్న లెక్కకు ఆ ట్రాలర్లకు పడే చేపను కూడా ఆధారం చేసుకున్నారు. పెద్ద ఓడ చేప ఉన్న చోటికే వెతుక్కుంటూ వెళుతుంది కాబట్టి దానికి ఎప్పుడూ నిండుగానే పడుతుంది. ఒడ్డు దగ్గర చిన్న పడవల మీద పట్టేవాళ్లు 1980లలో మొత్తుకున్నారు. చేప తగ్గుతోంది, చేప సైజు తగ్గుతోంది అని చెప్పారు. వాళ్ల మాట ఆఫీసుల్లో చెల్లలేదు. చివరికి 1992 జులై 2న కెనడా మత్స్యశాఖ మంత్రి జాన్ క్రాస్బీ కాడ్ వేటను పూర్తిగా నిలిపేస్తున్నట్టు ప్రకటించాడు. ఒక్కరోజులో సుమారు 30,000 మందికి పని పోయింది. రెండేళ్లే అన్నారు. ఆ నిషేధం ఎత్తేసింది 2024లో, 32 ఏళ్ల తర్వాత. అప్పుడు కూడా అనుమతి ఇచ్చింది 18,000 టన్నులకే.

ఈ కథ నుంచి మనం గట్టిగా పట్టుకోవలసింది ఒకటుంది. ఎవరిదీ కాని సముద్రాన్ని అందరూ తోడితే మొదటిసారి దెబ్బతింది. ప్రభుత్వం యజమాని అయ్యాక, రోజూ నీళ్ల మీద ఉండేవాడి మాట వినకుండా ఆఫీసులో లెక్క వేస్తే రెండోసారి దెబ్బతింది.

మందు ఎవరు రాశారు, ఎవరు మింగారు

గార్డన్ రోగం సరిగ్గా చెప్పాడు. మందు దగ్గరే వస్తుంది తగాదా. ఉమ్మడి సంపద నుంచి మిగులు రావాలంటే అది ఎవరో ఒకరి సొత్తు కావాలి, లేదా ఒకే అధికారం కింద ప్రభుత్వం చేతిలో ఉండాలి అన్నాడు. పద్నాలుగేళ్ల తర్వాత 1968లో గారెట్ హార్డిన్ అనే అమెరికా జీవశాస్త్రవేత్త పచ్చిక బయలు ఉదాహరణతో ఇదే మాట రాసి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడు. అప్పటినుంచి చెరువైనా, అడవైనా, బీడైనా ఉమ్మడిది అంటే పాడైపోయేది అని చదువుకున్నవాళ్ల నోట స్థిరపడిపోయింది.

ఆ మందును తర్వాతివాళ్లు కోటాగా మార్చారు. ఈ చేపలో ఇంత శాతం నీది, కావాలంటే అమ్ముకో అని కాగితం రాసిచ్చారు. న్యూజిలాండ్ 1986లో, ఐస్‌లాండ్ 1990 చట్టంతో ఈ పద్ధతి పెట్టాయి. వేట పరుగు తగ్గింది, చేప నిలిచింది. అది ఒప్పుకోవాలి. కాని కోటాలు మొదట దక్కింది అప్పటికే పడవలున్న యజమానులకు. ఓడ మీద పనిచేసే కూలీకి ఏమీ దక్కలేదు. కొన్నేళ్లలో చిన్నవాళ్లు అమ్ముకున్నారు, పెద్ద కంపెనీలు కొనుక్కున్నాయి. ఊళ్లకు ఊళ్లే వేట హక్కు పోగొట్టుకున్నాయి. ఐస్‌లాండ్ మత్స్యకారులు ఇద్దరు ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ దాకా వెళితే, ఆ పద్ధతి అందరికీ సమాన న్యాయం చేయలేదని 2007లో కమిటీ వాళ్ల పక్షాన చెప్పింది. ముందు కాగితం దక్కినవాడికే సంపద, తరవాత వచ్చినవాడు వాడి దగ్గర కొనుక్కోవాలి. భూమి మీద మనం చూసిన కథే ఇది.

సబ్సిడీల సంగతీ ఒక మాట చెప్పాలి. పడవ ఖర్చు తగ్గితే ఇంకా ఎక్కువ పడవలు దిగుతాయని గార్డన్ లెక్కే చెబుతుంది. ప్రపంచ దేశాలు 2018లో చేపల పరిశ్రమకు ఇచ్చిన సబ్సిడీలు సుమారు 3,540 కోట్ల డాలర్లని, అందులో దాదాపు 2,220 కోట్లు వేట సామర్థ్యాన్ని పెంచేవేనని రషీద్ సుమైలా అనే ఆర్థికవేత్త, ఆయన తోటివాళ్లు లెక్క తేల్చారు. ఈ డబ్బులో పెద్ద భాగం భారీ ఓడలకు పోతుంది. 2022 జూన్ 17న జెనీవాలో ప్రపంచ వాణిజ్య సంస్థ చేపల సబ్సిడీల మీద ఒప్పందం చేసింది. అది 2025 సెప్టెంబర్ 15 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ చర్చల్లో మన దేశం అన్నది, మేం మత్స్యకార కుటుంబానికి ఏడాదికి ఇచ్చేది 15 డాలర్లు, వేల డాలర్లు ఇచ్చే దేశాలను, మమ్మల్ని ఒకే గాటన కట్టొద్దు అని. వ్యవసాయంలో మనం అడుగుతున్నదీ అదే. సముద్రం ఖాళీ చేసినవాడి సబ్సిడీ, తెప్ప మీద వెళ్లేవాడి నూనె రాయితీ ఒకటి కావు.

మూడో దారి

ప్రైవేటు కంపెనీకీ, ప్రభుత్వ ఆఫీసుకూ మధ్య మూడో దారి ఉందని నిరూపించింది ఒక ఆడమనిషి. ఎలినార్ ఆస్ట్రమ్ ఆమె పేరు. 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన మొదటి మహిళ. ఆమె పనిచేసిన అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయానికే గార్డన్ కూడా 1960లలో వచ్చాడు. ఆమె 1965లో డాక్టరేట్ కోసం రాసింది దేని మీద అనుకుంటున్నారు? భూగర్భ జలం మీద. బోర్ల మీద.

కాలిఫోర్నియాలో లాస్ ఏంజెలెస్ పక్కన, పసిఫిక్ ఒడ్డున వెస్ట్ బేసిన్ అనే ప్రాంతం ఉంది. పట్నాలు, నీటి కంపెనీలు, నూనె శుద్ధి కర్మాగారాలు, అందరూ ఎడాపెడా నీళ్లు తోడారు. నీటిమట్టం సముద్రం కంటే కిందికి దిగింది. ఉప్పునీరు లోపలికి చొరబడింది. మన తీర మండలాల్లో చూస్తున్నదే అది. 1945లో కోర్టుకెక్కారు, 1946లో వాడకందార్లందరూ ఒక సంఘం పెట్టుకున్నారు. ఎవరెంత తోడుతున్నారో ముందు అందరి ముందూ బయటపెట్టుకున్నారు. తరవాత తలా కొంత తగ్గించుకోవడానికి ఒప్పందం రాసుకున్నారు. అందులో ఒక షరతు పెట్టారు. తోడే నీళ్లలో 80 శాతం వాడేవాళ్లు సంతకం పెడితేనే ఇది అమలు. నేనొక్కణ్ణే తగ్గిస్తే పక్కవాడు తోడేస్తాడన్న భయం అలా తీరింది. కొలతలు చూడడానికి ఒక మనిషిని పెట్టుకున్నారు. ఎవరు ఎంత తోడారో ఏటా అచ్చువేసి అందరికీ పంచేవారు. ఒడ్డు వెంబడి బావుల్లోకి మంచినీరు ఎక్కించి ఉప్పునీటికి అడ్డుకట్ట వేశారు.

సముద్రం మీద కూడా ఇలాంటివి ఉన్నాయని ఆమె 1990లో రాసిన పుస్తకంలో చూపించింది. టర్కీ దేశంలో అలాన్యా అనే రేవులో సుమారు వందమంది చేపలు పట్టేవాళ్లు. మంచి చోట్ల కోసం కొట్టుకునేవారు. 1970లలో వాళ్ల సహకార సంఘమే కూర్చొని ఒక పద్ధతి కట్టింది. వల వేసే చోట్లన్నిటికీ పేర్లు పెట్టి, ఒకదానికొకటి అడ్డు రాకుండా దూరం పెట్టి, సెప్టెంబరులో చీటీలు వేస్తారు. ఆ రోజు నుంచి జనవరి దాకా ప్రతి ఒక్కరూ రోజుకో చోటు చొప్పున తూర్పుకు జరుగుతారు. జనవరి నుంచి మే దాకా పడమటికి జరుగుతారు. మంచి చోటు అందరికీ వంతుల ప్రకారం వస్తుంది. పోలీసు అక్కర్లేదు. ఈ రోజు నా వంతు అయినచోట ఇంకొకడు వల వేస్తే ఊరుకునేది నేను కాదు కదా.

ఇది మనకు కొత్తా? చెరువు కింద తూము దగ్గర వంతులు, నీరటికాడు, చివరి మడి దాకా నీరు పారించే కట్టుబాటు మన తాతల నాటివే. పులికాట్ సరస్సులో తమిళనాడు వైపు మత్స్యకార గ్రామాల్లో పాడు అనే వంతుల పద్ధతి ఉంది. మంచితో పాటు చెడూ చెప్పాలి. ఆ పాడులో ఒక కులానికే పేరుంటుంది, మిగతావాళ్లకు చోటు లేదు. మన చెరువు కింద కూడా దళితుల మడికి నీరు ఎప్పుడు అందిందో మనకు తెలుసు. పాత కట్టుబాటును అలాగే తెచ్చుకుంటామంటే కుదరదు. అందులో కౌలు రైతుకు, బోరు లేనివాడికి, ఆడవాళ్ల పేరున ఉన్న పొలానికి చోటుండాలి.

మన బోర్ల లెక్క

ఇప్పుడు పడవ అన్నచోట బోరు అని పెట్టి చూడండి. ఊరి కింద నీరు ఒకటే. పొలం గట్టు నేల మీద ఉంటుంది, నీటిలో ఉండదు. పక్కవాడు 600 అడుగులు వేశాడని నేను 800 వేస్తాను. నా బోరులో పడ్డ నీరు అతని బోరులో తగ్గిన నీరే. ఇద్దరమూ అప్పు చేశాం, ఊరి నీరు ఒక్క చెంబు పెరగలేదు. చివరి పది పడవల ఖర్చు లాంటిదే ఇది. పాతాళగంగ మిగులంతా రిగ్గు బండివాడికీ, మోటారు కంపెనీకీ, వడ్డీ వ్యాపారికీ పోయింది.

దీనికి గార్డన్ దారిలో చదివినవాళ్లు చెప్పే మందు మీటరు. నీటికి ధర కట్టు, కరెంటుకు ధర కట్టు, వాడకం తగ్గుతుంది అంటారు. తగ్గుతుంది నిజమే. ఎవరిది తగ్గుతుంది? రెండెకరాలవాడిది తగ్గుతుంది. నలభై ఎకరాల దానిమ్మ తోటవాడిదీ, నీళ్ల సీసాల కంపెనీదీ తగ్గదు. కాలువ రాని చోట రైతు సొంత అప్పుతో బోరు వేసుకున్నాడు. ఆ ఖర్చు మీద మళ్లీ ధర కడతామంటే సంఘం ఒప్పుకోదు. అలా అని మా ఇష్టం వచ్చినట్టు తోడతాం, ఎవరూ అడగొద్దు అంటే అది కూడా నిలవదు. కాడ్ చేపకు పట్టిన గతే మన నీటికీ పడుతుంది. మన కట్టుబాటు మనం పెట్టుకోకపోతే, రేపు మన పేరు మీద ఇంకొకడు పెడతాడు.

మన దగ్గర చేసి చూసినవాళ్లున్నారు. 2003 నుంచి కొన్నేళ్లపాటు అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో కొన్ని వందల గ్రామాల్లో రైతులే భూగర్భ జలాలు కొలిచే పథకం నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ దానికి సాయం చేసింది. ఎవరినీ నిషేధించలేదు, ఎవరికీ సబ్సిడీ ఇవ్వలేదు. రైతులే వాన కొలిచారు, బోర్లలో మట్టం కొలిచారు, రబీ ముందు కూర్చొని ఊరి కింద ఎన్ని నీళ్లున్నాయి, మనం వేయాలనుకుంటున్న పంటలకు ఎన్ని కావాలి అని గోడ మీద రాసుకున్నారు. చాలాచోట్ల వరి తగ్గించుకున్నారు. పథకం డబ్బు ఆగాక అన్ని ఊళ్లలో కొలత అదే శ్రద్ధతో సాగలేదు. ఆ పనిని భుజాన వేసుకునే సంఘం ఉండాలన్నది అందులోంచి మనం నేర్చుకోవలసింది. అనంతపురం ప్రాంతంలోనే కొన్ని ఊళ్లలో బోరున్నవాళ్లు, లేనివాళ్లు ఒప్పందం రాసుకొని, పైపులైను వేసుకొని నీరు పంచుకున్నారు. కొన్నేళ్లపాటు కొత్త బోరు వేయబోమని కట్టుబడ్డారు.

లెక్క కష్టమేమీ కాదు. ఒక ఎకరంలో ఒక అంగుళం నీరు నిలవాలంటే లక్ష లీటర్ల పైచిలుకు కావాలి. వరికి పంటకాలం మొత్తంలో 1,200 మిల్లీమీటర్లు, అంటే ఎకరాకు 48 లక్షల లీటర్ల దాకా పడుతుంది. వేరుశనగకు 500 మిల్లీమీటర్లు, అంటే 20 లక్షల లీటర్లు. బోరు కింద ఒక ఎకరం వరి నీటితో రెండెకరాల పైన వేరుశనగ పండుతుంది. ఈ అంకె ప్రతి సభ్యుడికీ నోటికి రావాలి.

మనం చేయవలసినవి

మొదటిది, ప్రతి గ్రామ శాఖ తన ఊళ్లో బోర్లన్నీ లెక్క రాయాలి. ఆడేవెన్ని, ఎండినవెన్ని, ఎంత లోతు, ఎవరి అప్పు ఎంత. మూడు బోర్లు ఎంచుకొని నెలకోసారి మట్టం కొలిచి పంచాయతీ గోడ మీద రాయాలి. వెస్ట్ బేసిన్‌వాళ్లు మొదట చేసింది ఇదే.

రెండోది, దసరా తర్వాత, రబీ విత్తనాలకు ముందు, ఊరంతా కూర్చొని పంటల లెక్క వేసుకోవాలి. కౌలు రైతులు, బోరు లేనివాళ్లు ఆ కూర్చున్నవాళ్లలో తప్పక ఉండాలి.

మూడోది, కొత్త బోరు ఊరితో మాట్లాడి వేయాలి. 2002 వాల్టా చట్టం అనుమతి తీసుకోమనే చెబుతోంది. అది ఆఫీసు చుట్టూ తిరిగి తెచ్చుకునే కాగితంగా మిగలకుండా, ఊరి మాటగా మారాలి. పంచుకునే ఏర్పాటు కుదిరితే కొత్త బోరు అవసరమే తగ్గుతుంది.

నాలుగోది ప్రభుత్వం మీద పోరాటం. రైతు వరి తగ్గించుకోవాలంటే వేరుశనగ, కంది, కొర్ర, రాగి మద్దతు ధరకు కొనాలి. కొనకుండా వరి వేయొద్దు అనే హక్కు ఎవరికీ లేదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఉంటే, ఆ రోజులకు మత్స్యకారులకు భృతి ఇస్తున్నారు. చేప గుడ్లు పెట్టే కాలంలో వల ఎత్తి పెట్టినవాడికి ఇచ్చే భృతి న్యాయమైనదే. భూమి కింద నీరు మిగిల్చి ఆరుతడి పంట వేసిన రైతుకూ అలాంటి భృతి ఇవ్వాలని మనం అడగాలి. చెరువుల పూడిక తీయాలి, ఎండిన బోర్ల అప్పుకు ఊరట ఇవ్వాలి. రైతు బోరు ముట్టుకునే ముందు నీళ్ల కంపెనీల బోర్ల లెక్క బయటపెట్టాలి.

మిత్రులారా, తీరం వెంబడి మన మత్స్యకార సోదరులు ఈ రోజు చేప తగ్గి, మరబోటు అప్పు పెరిగి, రేవులు కంపెనీల పాలై బాధపడుతున్నారు. వాళ్లది వేట, మనది సేద్యం అని ఇన్నాళ్లూ వేరుగా చూశాం. రెండు చోట్లా లెక్క ఒకటే అని ఒక కుర్ర పంతులు 1954లోనే తెలియకుండానే మనకు చెప్పిపెట్టాడు. ఆయన చెప్పిన రోగాన్ని ఒప్పుకుందాం. మందు మాత్రం మన ఊళ్లో, మన గోడ మీద, మన చేత్తో రాసుకుందాం. వచ్చే నెల సమావేశానికి ప్రతి గ్రామ శాఖా బోర్ల లెక్క కాగితం తేవాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.